బురుజు ఇంటికి సున్నం

తెర మీద రెండు బొమ్మలు పక్కపక్కన నిలబడ్డాయి. రెండూ ఒకే ఇల్లు. నాలుగంతస్తుల ఎత్తు, మందపాటి గోడలు, చిన్న చిన్న కిటికీలు, పైన మూలల్లో గోడకు అతుక్కుని వేలాడుతున్నట్టున్న గుండ్రటి గదులు. ఎడమవైపుది బూడిదరంగు రాతి ఇల్లు. కుడివైపుది తెల్లది. మా కోడలు మౌస్ మీది నుంచి చెయ్యి తీసి ఒడిలో పెట్టుకుంది.

అవతల స్కాట్లండ్‌లో ఒక పల్లెటూరి సమావేశపు గది. పొడుగు బల్ల చుట్టూ పదిమంది దాకా ఉన్నారు, అందరూ ఉన్ని స్వెట్టర్లలో. మాకు మధ్యాహ్నం, వాళ్లకు పొద్దున. వరంగల్ మట్టెవాడలో మా మేడ మీది గదిలో ఫ్యాను పూర్తి స్పీడులో తిరుగుతోంది. నేను కెమెరాకు అందని మూల మంచం మీద కూర్చున్నాను. మా ఆవిడ చాయ్ గ్లాసు పట్టుకుని గడప అవతలే నిలబడింది, లోపలికి వస్తే వాళ్లకు కనబడతానని.

బల్ల చివర కూర్చున్న అధ్యక్షుడు గొంతు సవరించుకుని, తెల్ల ఇల్లే మన ఇల్లని ఒప్పుకునేవాళ్లు చేతులెత్తండి అన్నాడు.

"ఏమంటాండు?" మా ఆవిడ గుసగుసగా అడిగింది.

"చేతులెత్తుమంటాండు."

"ఎత్తిండ్లా?"

"ఇంక లేదు. జర ఆగు."

కోడలు తల తిప్పకుండానే చెయ్యి వెనక్కి పెట్టి, ఊరుకోండన్నట్టు ఊపింది.

ఆ చేతులు లేవకపోతే బూడిదరంగు ఇల్లే ఖాయమవుతుంది. అది తప్పని ఆమెకు తెలుసు. తెలిసీ తన చేత్తోనే దాన్ని ముగించి పంపాలి. కొండల మధ్య ఆ ఊళ్లో బోర్డు మీదికి అదే ఎక్కుతుంది, వచ్చినవాళ్లంతా అదే నిజమనుకుని పోతారు. ఆ మధ్యాహ్నం మా గదిలో తేలాల్సింది ఇదే.

కోడలిది మరిపెడ. తండ్రికి రోడ్డు పక్కన టైర్ల పంక్చర్ దుకాణం. హనుమకొండలో చదువుకుని అక్కడే ఒక చిన్న స్టూడియోలో చేరింది. స్టూడియో అంటే ఫోటోలు దిగే చోటు కాదు. కంప్యూటర్లో ఇళ్లు కట్టే చోటు. పునాది కూడా తియ్యని అపార్టుమెంట్లకు ముందే రంగులేసి, బాల్కనీలో పూలకుండీలు పెట్టి, కింద ఒక కారు నిలబెట్టి అమ్మేవాళ్లకు ఇస్తారు. ఆమె అలాంటివి ఎన్ని కట్టిందో ఆమెకే లెక్క తెలియదు. పెళ్లయి మా ఇంటికి వచ్చాక వారంలో కొన్ని రోజులు ఆటో ఎక్కి హనుమకొండ వెళ్లేది, మిగతా రోజులు మేడ మీది గదిలోనే పని.

ఒక విదేశీ కంపెనీ ద్వారా వాళ్ల స్టూడియోకు ఈ పని వచ్చింది. స్కాట్లండ్‌లో ఒక వాగు ఒడ్డున పైకప్పు లేని పాత ఇల్లు ఉంది. నాలుగు వందల ఏళ్ల కిందట ఒక చిన్న దొర కట్టుకున్నది. శత్రువుల భయానికి అడ్డంగా కాకుండా నిలువుగా కట్టేవారట అప్పట్లో. టవర్ హౌస్ అంటారు అక్కడ. పల్లెల్లో బురుజులు చూస్తూ పెరిగిన మాకు అది బురుజు ఇల్లయింది. చూడవచ్చినవాళ్లు ఆ శిథిలం ముందు ఫోను ఎత్తి పట్టుకుంటే, అది కొత్తగా ఉన్నప్పుడు ఎలా ఉండేదో అందులో కనబడాలి, పక్కన పెట్టే బోర్డు మీదా అదే బొమ్మ ఉండాలి. ఊరివాళ్ల కమిటీ కోరింది అదే. డ్రోన్‌తో తీసిన ఫోటోలు, లేజర్‌తో కొలిచిన కొలతలు పంపారు. వాటి మీద కోడలు రాయి రాయిగా ఇల్లు కట్టడం మొదలుపెట్టింది.

నేను ఎన్నో ఏళ్లు పత్రికలో పనిచేసినవాణ్ని. మొదట విలేకరిగా, తర్వాత డెస్కులో. మనిషి పని చేస్తుంటే పక్కన కూర్చుని చూడటం నాకు అలవాటు. ఆమె ఏమీ అనుకునేది కాదు. మా ఆవిడ మాత్రం ఊరికే చూడలేదు.

"గింత పెద్దింట్ల బాత్రూం ఏడున్నది బిడ్డా?"

"గోడ మందంలనే చిన్న అర్ర ఉన్నది అత్తమ్మా. కిందికి తూము. అన్ని గోడెంబడి కిందికే."

"థూ! గంత పెద్ద దొరలకు గదేం రోగం!"

"అందుకే ఆ దిక్కు గోడకు మరక కూడ పెట్టిన. చూడు."

మా ఆవిడ కళ్లద్దాలు పైకెత్తి మరక చూసి, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది.

బూడిదరంగు ఇల్లు పూర్తయింది. కమిటీ చూసింది, బాగుందన్నది. నాకు చాలా గర్వంగా అనిపించి, పొద్దుటి చాయ్ హోటల్లో పాత పత్రికా మిత్రులకు చెప్పాను. ఒకాయన గ్లాసు కింద పెట్టి మొదలుపెట్టాడు.

"ఏమన్నా, మన కోట రాళ్లు ఊడిపోతాంటె మీ కోడలు స్కాట్లండ్ దొరలకు ఇల్లు కడ్తాందా?"

అందరూ నవ్వారు. ఇంటికొచ్చి ఆమెకు చెబితే ఆమె కూడా నవ్వింది. "అడిగినోళ్లు లేరు గని మామయ్యా, అడిగితె మనది ముందు చెయ్యనా? ఆ సారుకు చెప్పుండ్రి, చాయ్ తాగుకుంట కొలతలు తీసుకరమ్మను."

ఇంతవరకు సాఫీగానే సాగింది.

మా పక్కిల్లు రోడ్డు వెడల్పులో సగం పోయింది. మిగిలిన గోడ మీద ఆ ఇంటి లోపలి గదులన్నీ వీధిలోకి వచ్చి నిలబడ్డాయి. వంటింటి పొగ నలుపు, దాని పక్కన పడకగది నీలం, ఆ పైన దీపం గూడు. మేడ మీది కిటికీ తెరిస్తే అదే కనబడుతుంది. ఆ వానాకాలం అక్కడ ఒక దర్వాజ చుట్టూ సున్నం మొత్తం పెళ్లలు పెళ్లలుగా ఊడిపోయింది. ఒక సాయంత్రం కోడలు చాయ్ తాగుతూ కిటికీ దగ్గర నిలబడి, తాగడం ఆపేసింది.

"మామయ్యా, గా దర్వాజ చూడుండ్రి. నిన్నటిదాంక గోడతోని సమానంగ ఉండె. ఇప్పుడు వేలు మందం ముందలికి కనబడ్తాంది."

చూశాను. నిజమే, దర్వాజ కట్టె గోడలోంచి బయటికి వచ్చినట్టుంది.

"దర్వాజ ముందలికి రాలె," అంది తనకు తాను చెప్పుకుంటున్నట్టు. "గోడ ఎనక్కి పోయింది."

గ్లాసు కిటికీలోనే వదిలి కంప్యూటర్ దగ్గరికి వెళ్లింది. స్కాట్లండ్ నుంచి వచ్చిన అసలు కొలతలు మళ్లీ తెరిచింది. ఆ ఇంటి గోడలు మోటు రాళ్లవి, సందుల్లో చిన్న రాళ్లు కుక్కినవి. కిటికీల చుట్టూ, మూలల్లో మాత్రం నున్నగా చెక్కిన రాళ్లు. ఆ చెక్కిన రాళ్లు గోడ కంటే వేలెడు మందం ముందుకు ఉన్నాయి. ప్రతి కిటికీకీ అంతే, ప్రతి మూలకూ అంతే. మొదటిసారి చూసినప్పుడు యంత్రం కొలతలో తేడా అనుకుని ఆమె దాన్ని చదును చేసేసింది. ఏళ్ల తరబడి అపార్టుమెంట్లు కట్టిన చెయ్యి అది. అపార్టుమెంటులో గోడా కిటికీ అంచూ ఒకే మట్టంగా లేకపోతే అమ్మేవాడు ఊరుకోడు.

అది తేడా కాదు. ఆ వేలెడు మందంలో ఒకప్పుడు సున్నం ఉండేది. చెక్కిన రాయి అంచు దాకా సున్నపు పూత వచ్చి ఆగేది. అంటే ఇవాళ మనకు కనబడుతున్న మోటు రాళ్లు ఎవరూ చూడటానికి పెట్టినవి కావు. ఆ ఇల్లు బూడిదరంగు ఇల్లు కాదు.

మర్నాడు స్టూడియో యజమానితో ఫోన్లో మాట్లాడింది. ఆయన్ని ఆమె అన్నా అంటుంది. స్పీకర్ పెట్టింది కాబట్టి నాకూ వినబడింది.

"ఓకే అయిన పని మల్ల ఎందుకు తవ్వుతానవ్ చెల్లె?"

"తప్పని తెలిసినంక ఎట్ల పంపుడు అన్నా?"

"వాళ్లే ఓకే అన్నంక తప్పెట్లయితది?"

"వాళ్లకు నేను చదును జేసిన గోడ చూపెట్టిన. వాళ్లు గది చూసే ఓకే అన్నరు."

"సరే, అడుగు. వాళ్లు వద్దంటె మాత్రం పాతదే పంపుడు. మల్ల నాతోని పంచాయితీ వెట్టద్దు," అన్నాడు.

ఆ ఊరి కమిటీలో చరిత్ర తెలిసిన ఒక పెద్దావిడ ఉన్నారు. తెల్లజుట్టు, ఎప్పుడూ మెడలో బైనాక్యులర్స్ వేసుకుని కనబడేవారు. పక్షుల కోసమట. కోడలు కిటికీ అంచు గురించి చెప్పగానే ఆమె కుర్చీలో ముందుకు జరిగారు. తాను ఎన్నో ఏళ్లుగా కమిటీకి చెబుతున్నది ఇదేనని, ఆ కాలపు ఇళ్లు చాలావాటికి సున్నం ఉండేదని, తన మాట ఎవరూ వినడం లేదని అన్నారు. ఊరి బడిపిల్లల చొక్కా జేబు మీద ఉన్నది ఆ బూడిదరంగు ఇల్లే. హోటల్ బోర్డు మీద ఉన్నదీ అదే. తాతల నాటి నుంచి చూస్తున్న దాన్ని తెల్లగా చూపిస్తే ఎవరికి నచ్చుతుంది? తెల్లది తయారు చేసి చూపించమ్మా, చూద్దాం, అన్నారు.

కోడలు తెల్లది తయారు చేసింది. మాకందరికీ ఎంతో నచ్చింది. మా అబ్బాయి బ్యాంకు నుంచి వచ్చి చూసి, "అబ్బ, ఇల్లంటె గిట్లుండాలె," అన్నాడు. కమిటీకి చూపించిన రోజున మాత్రం పెద్దావిడ కూడా నవ్వు ఆపుకోలేకపోయారు. అధ్యక్షుడు, ఇది ఇల్లా, ఇప్పుడే ఇస్త్రీ చేసిన చొక్కానా అని అడిగాడు.

ఎందుకు నవ్వారో మాకు వెంటనే అర్థం కాలేదు. ఆ తెలుపులో నీలం ఉంది. మరిపెడలో క్రిస్మస్‌కు ముందు ఊరి చర్చికి సున్నం వేయడం పిల్లల పని. కుండలో నానిన సున్నంలో తుమ్మబంకతో పాటు కాస్త నీలిమందు కలపాలి. కలపకపోతే ఆ తెలుపు పాతబట్టలా ఉంటుందని పెద్దవాళ్లు తిడతారు. మా మట్టెవాడలోనూ అంతే. నీలం కలిస్తేనే మా కంటికి తెలుపు. ఆమె తనకు తెలియకుండానే స్కాట్లండ్ దొర ఇంటికి మరిపెడ చర్చి సున్నం వేసింది.

"నీలి లేని సున్నం సున్నమేంది?" అని మా ఆవిడ వాళ్ల మీద కోపం తెచ్చుకుంది.

"వాళ్లది వాగు ఇసుక కలిపిన సున్నం అత్తమ్మా. జున్ను రంగు ఉంటదట."

"గయితె జున్ను రంగే వెయ్యి. నవ్వుడేంది మల్ల?"

జున్ను రంగే వేసింది. కానీ ఆ నవ్వు నష్టం చేసింది. తెల్ల ఇల్లు అంటేనే కమిటీకి వేళాకోళమైపోయింది. అధ్యక్షుడు ఒకే మాట అన్నాడు. కిటికీ అంచుల లెక్కలు నాకు వద్దు. ఆ గోడ మీద నుంచి సున్నం ముక్క ఒకటి చూపించండి, అప్పుడు చేతులెత్తిస్తాను. లేదంటే బూడిదరంగుదే.

సున్నం ముక్క కోసం వాళ్లు అంతకుముందే వెతికారు. నిచ్చెన అందినంత మేర ఎక్కడా లేదు. వాన, గాలి, నాచు కలిసి మొత్తం తినేశాయి.

కోడలు రెండు రోజులు అన్నం దగ్గర కూడా ఏదో ఆలోచిస్తూ కూర్చునేది. తర్వాత ఒక పొద్దున, మెట్ల మీద బట్టలు ఆరేస్తున్న మా ఆవిడతో మాట్లాడుతూ మధ్యలో ఆగి, నావైపు తిరిగింది.

"మామయ్యా, మేం చర్చికి సున్నం వేసే ముందుగాల పాతది గీకుతుంటిమి. గోడ మీదిది చేత్తోని ఒత్తితె రాలేది. సజ్జ కిందిది మాత్రం ఎంత గీకినా రాకపోయేది. చేతులు బొబ్బలెక్కేటియి. వాన తగలదు గదా ఆడ."

ఆ రోజంతా కంప్యూటర్లోని ఇంటి మీద వాన కురిపించింది. నిజంగానే. పడమటి నుంచి, ఉత్తరం నుంచి, ఏటవాలుగా, గాలితో. వాన తగిలిన చోటల్లా నీలంగా మారేలా పెట్టింది. సాయంత్రానికి ఇల్లు పూర్తిగా నీలమైపోయింది, ఒక్క చోటు తప్ప. తూర్పు మూలన పైన వేలాడే గుండ్రటి గది కింద, దాన్ని మోయడానికి మెట్లు మెట్లుగా ముందుకు పెట్టిన రాళ్లున్నాయి. వాటి కింద అరచేయి వెడల్పున పొడిగా మిగిలింది. డ్రోన్ ఫోటోల్లో అక్కడంతా చీకటి.

ఆ చోటును ఎర్రగా గుర్తు పెట్టి పెద్దావిడకు పంపింది. ఆమె ఊళ్లో పైకప్పులు బాగుచేసే మనిషిని, పైకి లేపే బండిని మాట్లాడి, వాన ఆగిన రోజు చూసి ఎక్కించారు. ఫోటో వచ్చినప్పుడు కోడలు ఇంట్లో లేదు, హనుమకొండలో ఉంది. అక్కడి నుంచి ఫోన్ చేసింది. పని చేసేటప్పుడు ఎప్పుడూ గొంతు పెంచని పిల్ల ఆటోలోంచి అరిచింది. "దొరికింది మామయ్యా! సున్నం దొరికింది! సజ్జ కింద దొరికింది!" ఆటో అతను ఏమైందమ్మా అని అడగడం, ఈమె అతనికి కూడా మొత్తం చెప్పడం నాకు ఫోన్లో వినబడుతూనే ఉంది.

ఆ ఫోటో చూపించిన మధ్యాహ్నమే, మొదట చెప్పిన ఆ చేతులెత్తే మధ్యాహ్నం.

మొదట పెద్దావిడ చెయ్యి లేచింది. ఆమె ఎలాగూ మావైపే కాబట్టి దాన్ని మేం లెక్కలోకి తీసుకోలేదు. తర్వాత బడి టీచరు ఎత్తింది. పిల్లల చొక్కాలు మార్చాల్సి వస్తుందేమో అని ఎవరో అంటే, మారిస్తే మార్చుదాం అంది ఆమె చెయ్యి దించకుండానే. ఆ పక్కనున్న గొర్రెల కాపరి ఎత్తాడు. హోటల్ ఆయన ఒకసారి అధ్యక్షుడి మొహం, ఒకసారి పెద్దావిడ మొహం చూసి ఎత్తాడు. తర్వాత వరసగా లేచాయి.

"లేస్తానయి," అన్నాను.

"ఎన్ని?"

"చానా."

అధ్యక్షుడు మాత్రం ఎత్తలేదు. లేచినవి లెక్కపెట్టి, తెల్ల ఇల్లే ఖాయమని ప్రకటించి, ఆ తర్వాత తన మాటగా ఒకటి చెప్పాడు. మా అమ్మ నన్ను చంకనెత్తుకుని వేలుపెట్టి చూపించిన ఇల్లు బూడిదరంగుది, నాకు అదే ఇల్లు అన్నాడు. కోడలు నెమ్మదిగా ఇంగ్లిషులో, "ఫోను కిందికి దించితే మీ ఇల్లు మీ ముందే ఉంటుంది సార్, దాన్ని నేనేమీ చెయ్యలేదు," అంది. ఆయన ఆమెను చూసి తలూపాడు. నవ్వాడో లేదో తెర మీద సరిగా తెలియలేదు.

"గెలిచినమా?" అంటూ మా ఆవిడ మరిచిపోయి గదిలోకి వచ్చేసింది. కెమెరా ముందు చాయ్ గ్లాసుతో నిలబడిపోయింది. అవతల బల్ల చుట్టూ ఉన్నవాళ్లంతా చేతులూపారు. ఈసారి ఎత్తమని ఎవరూ చెప్పలేదు. మా ఆవిడ గ్లాసు ఎడమచేతిలోకి మార్చుకుని తనూ ఊపింది.

బోర్డు నిలబడ్డాక పెద్దావిడ ఫోటో పంపారు. వాగు, గొర్రెలు, గోడ విరిగిన ఇల్లు, దాని ముందు బోర్డు మీద జున్నురంగు ఇల్లు. అడుగున చిన్న అక్షరాల్లో, తయారు చేసిన చోటు వరంగల్ అని ఉంది. నా జీవితమంతా ఈ ఊరి పేరుతో మొదలయ్యే వార్తలు రాశాను. ప్రమాదాలు, ధర్నాలు, పత్తి మార్కెట్ ధరలు. ఆ పేరును అలాంటి చోట చదవడం అదే మొదటిసారి. ఫోటో ఫోన్లోకి ఎక్కించుకుని హోటల్‌కు వెళ్లాను. కోట సంగతి ఎత్తిన ఆ మిత్రుడు దాన్ని పెద్దది చేసి, చిన్నది చేసి, మళ్లీ పెద్దది చేసి చూశాడు. "మన ఊరి పేరు జర పెద్దగ రాస్తె వాళ్ల సొమ్మేం పోయింది?" అన్నాడు. చాయ్ ఆయనే తాగించాడు.

ఆ బోర్డు మీద ఇంకో చిన్న వాక్యం ఉంది. అది పెట్టించే ముందు కోడలు నన్ను ఒక మాట అడిగింది.

దొరికిన ఆ సున్నం ముక్కలో రెండు పొరలున్నాయి. కిందిది జున్నులాంటి తెలుపు. దాని మీద పలచగా పసుపు. ఆ పసుపు మట్టిరంగు కలిపి వేసిన పూత అని పెద్దావిడ నమ్మకం. కాదు, సరిగ్గా ఆ మూల పైనే పొగగొట్టం ఉంది, అది వందేళ్ల పొగ అని అధ్యక్షుడి వాదన. అంటే ఇల్లు మొదట తెల్లగా ఉండి తర్వాత పసుపుపచ్చగా మారిందో, ఎప్పుడూ తెల్లగానే ఉందో తెలియదు.

"పేపర్ల తెల్వని దాన్ని మీరెట్ల రాసేది మామయ్యా?"

"'అని తెలిసింది' అని రాస్తుంటిమి. పైనోళ్లు అడిగితె తప్పించుకునెటందుకు."

నవ్వింది. "బొమ్మల గట్ల నడ్వది. గోడకు ఏదో ఒక రంగు వెయ్యాలె గదా."

కింది పొర గురించి ఎవరికీ అనుమానం లేదు కాబట్టి ఆ రంగే ఉంచింది. పై పొర రంగు నిర్ధారణ కాలేదని బోర్డు మీద ఒక వాక్యం పెట్టమని తనే అడిగి పెట్టించింది. పరీక్ష చేయాలంటే ఇంకాస్త పెద్ద ముక్క కావాలి. రక్షిత కట్టడం కాబట్టి గోడ నుంచి ముక్క తీయడానికి అక్కడి ప్రభుత్వ అనుమతి రావాలి. అది ఇంకా రాలేదు. ఆ పసుపు రంగో, పొగో ఇంతవరకు తేలలేదు.